పొడి డబ్బాకు మజ్జిగ రుచి: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి అమ్మడుకు మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు బరువు తగ్గే ఆపరేషన్‌కు తేదీ తీసుకున్నావని, జీర్ణాశయంలో చాలా భాగం తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ చేస్తారని, దానికి ముందు రెండు వారాలు ప్రోటీన్ షేకుల మీదే ఉండమన్నారని చెప్పాడు. వినగానే గుండె గుభేలుమంది. ఆ వెనకే గర్వం కూడా కలిగింది. మోకాళ్ల నొప్పులను, షుగరును, నిద్రలో ఊపిరాడక లేచి కూర్చునే బాధను ఇన్నేళ్లు ఎవరికీ చెప్పుకోకుండా మోసి, చివరికి నీ అంతట నువ్వే డాక్టరు దగ్గరకు వెళ్లి మాట్లాడుకున్నావు. "నోరు కట్టుకుంటే పోయేదానికి కోతలెందుకు" అని మన బంధువుల్లో కొందరు అంటున్నారట. వాళ్లకు నువ్వు జవాబు చెప్పనక్కర లేదు. ఆసియా వాసుల్లో బి.ఎం.ఐ., అంటే ఎత్తును బట్టి చూసే బరువు లెక్క, 27.5 దాటినవారికి ఈ శస్త్రచికిత్స అవకాశం ఇవ్వాలని 2022లో అమెరికా, అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు తమ మార్గదర్శకాలలోనే రాశాయి. ఇది సోమరులు వెతుక్కునే అడ్డదారి కాదు, జబ్బుకు చేసే వైద్యం.

ఫోన్ పెట్టేసే ముందు మీ నాన్న, "ఆ పొడి వాసనకే వాంతి వస్తోందంటోంది అక్కా" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆసుపత్రి డైటీషియన్‌గా ఉద్యోగమంతా రోగులకు తిండి సంగతులు చెబుతూ గడిపిన దాన్ని కనుక, ఆపరేషన్ కంటే ఆ ముందు రెండు వారాల గురించే నాకు ఎక్కువ భయం. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా ఆ షేకులు ఎందుకో తెలుసుకో. అవి నిన్ను రెండు వారాల్లో సన్నగా చేయడానికి కాదు, నీ కాలేయాన్ని చిన్నది చేయడానికి. కాలేయపు ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం మీద పడి ఉంటుంది. చిన్న రంధ్రాల గుండా పనిముట్లు పంపి ఆపరేషన్ చేసే సర్జను, ఆ భాగాన్ని పైకెత్తి పట్టుకుంటేనే కింద ఉన్న జీర్ణాశయం కనబడుతుంది. కొవ్వు పట్టిన కాలేయం బరువుగా, పెళుసుగా ఉండి, ఎత్తబోతే చిట్లి రక్తం కారవచ్చు. పిండి పదార్థాలు, చక్కెర బాగా తగ్గించి రోజుకు సుమారు 800 నుంచి 1000 కేలరీలతో ఉంటే, కాలేయం తనలో దాచుకున్న చక్కెర నిల్వను, అంటే గ్లైకోజెన్‌ను, ఖర్చు చేస్తుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు కూడా బయటకు పోతుంది, కొవ్వూ కరుగుతుంది. కాలేయం తగ్గడంలో ఎక్కువ భాగం మొదటి రెండు వారాల్లోనే జరుగుతుంది. ఆ సమయంలో కండ కరిగిపోకుండా ఉండడానికే ప్రోటీన్. చాలా ఆసుపత్రులు రోజుకు 60 నుంచి 80 గ్రాములు తీసుకోమంటాయి. నీ లెక్క నీ డైటీషియన్ రాసిచ్చినదే.

ఇక మీ బాబాయి సంగతి. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు, నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. వాడికీ ఇదే ఆపరేషన్, ఇవే రెండు వారాలు. వాడు వెళ్లిన చోట వెనీలా పొడి డబ్బా చేతికిచ్చి, "మందులా కళ్లు మూసుకుని తాగెయ్యండి" అన్నారు. మందంటే ఒక చెంచా, ఒక్క గుక్క. ఇది రోజుకు నాలుగుసార్లు, ప్రతిసారీ గ్లాసు నిండా, రెండు వారాలు. కళ్లు మూసుకుని అన్ని గ్లాసులు ఎవరు తాగగలరు? వాడు రెండో రోజుకే గ్లాసు చూసి ముఖం తిప్పేసుకున్నాడు. అది చూసి ఇంట్లో వాళ్లకు ప్రాణం ఆగలేదు. నీళ్లకు బదులు చిక్కటి గేదెపాలు పోశారు. అరటిపండు వేశారు, ఖర్జూరాలు వేశారు, పైన రెండు చెంచాల తేనె, నానబెట్టిన బాదం పప్పు. రుచి అద్భుతంగా ఉండి ఉంటుంది, కాదనను. కానీ ఒక్క అరటిపండులోనే సుమారు పాతిక గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. తేనె అచ్చంగా చక్కెరే. దేన్ని మానిపించడానికి ఆ షేకు ఇచ్చారో, అదంతా తిరిగి ఆ గ్లాసులోకే చేరింది. అది చాలక మా అమ్మ, "మగపిల్లాడు నీళ్లు తాగి ఎలా బతుకుతాడు" అని కన్నీళ్లు పెట్టుకుని, రాత్రి అందరూ పడుకున్నాక ఇడ్లీలు పెట్టేది. ఆమెది ప్రేమే, నేను ఆమెను తప్పు పట్టను. వాడు మాత్రం డాక్టరు అడిగినప్పుడు, "అన్నీ చెప్పినట్టే చేస్తున్నానండీ" అన్నాడు.

ఆపరేషన్ గదిలో మత్తు ఇచ్చి, పొట్టకు రంధ్రాలు చేసి, కెమెరా లోపలికి పెట్టి చూస్తే, పసుపుపచ్చగా కొవ్వెక్కిన కాలేయం జీర్ణాశయాన్ని పూర్తిగా కప్పేసి ఉందట. ఎత్తబోతే లేవలేదు. ఆ సర్జను మంచివాడు కనుక మొండికి పోకుండా అక్కడితో ఆపి, రంధ్రాలు కుట్టేశాడు. మీ బాబాయి మెలకువ వచ్చి, పొట్ట మీద కట్లు తడుముకుని, "అయిపోయిందా అక్కా" అని అడిగాడు. కాలేదురా అని నేనే చెప్పవలసి వచ్చింది. నొప్పంతా పడ్డాడు, ఖర్చంతా పెట్టాడు, జీర్ణాశయం మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. గోడ వైపు తిరిగి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు వాడి వీపు చూస్తూ నేను కూర్చున్న కుర్చీలో నీ తల్లిదండ్రులు కూర్చోకూడదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, నిన్ను బెదిరించడానికి కాదు.

రెండోసారి వాణ్ని నా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పుడు గమనించిన విషయమే ఈ ఉత్తరంలో అసలైనది. పుట్టినప్పటి నుంచి ఉప్పు, పులుపు, కారం మీద పెరిగిన నాలుక మనది. కడుపు నిండినట్టు మనకు తోచేది చివర మజ్జిగ పోసుకున్నప్పుడు. అటువంటి నాలుకకు పొద్దున చాక్లెట్, మధ్యాహ్నం వెనీలా, రాత్రి స్ట్రాబెరీ ఇస్తే మూడో రోజుకు వెగటు పుట్టక ఏం చేస్తుంది? నువ్వు తీపి వైపు నుంచి ఉప్పు వైపు రా.

దానికి ఏ రుచీ కలపని వే ప్రోటీన్ ఐసొలేట్, అంటే పాల విరుగుడు నీటి నుంచి తీసి శుద్ధి చేసిన ప్రోటీన్ పొడి, కొనుక్కో. అందులో పాల చక్కెర తక్కువ కనుక కడుపు ఉబ్బరం కూడా తక్కువగా ఉంటుంది. ముప్పై గ్రాముల చెంచాకు దాదాపు పాతిక గ్రాముల ప్రోటీన్ వస్తుంది. వెన్న తీసిన పాలతో తోడు పెట్టిన పెరుగును పల్చగా చిలికి, అందులో అల్లం, చీల్చిన పచ్చిమిరపకాయ, నలిపిన కరివేపాకు, కొత్తిమీర వేసి ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచి వడకట్టు. మీ ఆసుపత్రి వారు ద్రవాలు మాత్రమే అన్నారు కనుక ఆకూ తునకా ఏదీ మిగలకూడదు. ఆ చల్లటి మజ్జిగను ముందు షేకర్‌లో పోసి, తరువాత పొడి వేసి, ఊపి, వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు కలుపు. పొడి ముందు వేస్తే అడుగున ముద్ద కట్టి కూర్చుంటుంది. ఊపిన వెంటనే తాగకు. పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే నురగ దిగిపోతుంది. ఆ నురగే నాలుకకు అంటుకుని వికారం తెచ్చేది, కడుపులోకి గాలి చేర్చేదీ. మీ బాబాయి ఈ మజ్జిగను మొదటిరోజు అనుమానంగా వాసన చూసి, గ్లాసు ఖాళీ చేసి, ఇంకేమీ అనకుండా నా చేతికిచ్చాడు. బి.పి. ఉన్నదానివి కనుక ఉప్పు చిటికెడే.

మజ్జిగ విసుగేస్తే చారు ఉంది. పప్పు లేని పల్చటి మిరియాల చారు వడకట్టి, చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చు. పొడిని వేరే గిన్నెలో కొద్దిగా చన్నీళ్లతో జారుగా కలిపి, దాని మీద చారు కొంచెం కొంచెంగా పోస్తూ కలుపు. మరిగే చారులో పొడి వేశావంటే, ఉడికిన గుడ్డు తెల్లసొనలా తరకలు తరకలుగా విరిగిపోతుంది. వే ప్రోటీన్ 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. అది చెడిపోయినట్టు కాదు కానీ, గొంతు దిగదు. చల్లటి నీళ్లు, నిమ్మరసం, అల్లం రసం, ఉప్పుతో కూడా ఈ పొడి కలిసిపోతుంది. ఎండలో తిరిగి వచ్చినప్పుడు బాగుంటుంది.

ఇప్పటికే కొన్న వెనీలా డబ్బాను పారేయకు. అందులో తీపి ఎక్కువై వెగటేస్తే నీళ్లు 200 మిల్లీలీటర్లకు బదులు 300 పోసి, చిటికెడు ఉప్పు వెయ్యి, బాగా చల్లబరచు. చల్లదనం తీపినీ వాసననూ రెంటినీ అణుస్తుంది. రెండు చెంచాల ఫిల్టర్ కాఫీ డికాక్షన్ చల్లార్చి కలిపితే, ఆ చేదు వెనీలా వాసనను మింగేస్తుంది. కాఫీకి మీ సర్జను ఒప్పుకున్నారో లేదో మాత్రం అడుగు. చక్కెర లేని కోకో పొడి, దాల్చినచెక్క, ఏలకుల పొడి, ఇవన్నీ లెక్కకు రానంత కేలరీలతో రుచి మారుస్తాయి. బెల్లం, తేనె, పళ్ల రసం, ఖర్జూరం, మాల్ట్ పొడులు, బాదం పాల పొడి మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు.

ఇంకొక చిన్న సంగతి. చాలామంది పొడిని తిడతారు కానీ, కంపు కొట్టేది షేకర్. దాని మూత లోపల రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. దాన్ని చెంచా కొసతో ఊడదీసి చూడు, కింద నిన్నటి పాలపొర తెల్లగా, జిగటగా అంటుకుని ఉంటుంది. తాగిన వెంటనే రింగు తీసి వేడినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టు.

పెద్ద డబ్బా కొనకు. ఆపరేషన్ తరువాత నాలుక రుచే మారిపోవచ్చు. ఇవాళ నచ్చినది అప్పుడు పొసగకపోవచ్చు. చిన్న ప్యాకెట్లు కొనుక్కో. పెట్టె మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 14 అంకెల లైసెన్సు నంబరు, చెక్కుచెదరని సీలు ఉన్నాయో లేదో చూడు. జిమ్ పక్కన దుకాణాల్లో మాస్ గెయినర్ అని ఒకటి అమ్ముతారు. అందులో ఎక్కువ భాగం పిండి పదార్థమే, అది బరువు పెరగడానికి. తొందరలో అది తెచ్చుకునేవు, జాగ్రత్త.

ఇప్పుడు చెప్పేది రుచి సంగతి కాదు, కానీ ఇది చెప్పకుండా నేను ఉత్తరం ముగించలేను. నువ్వు షుగరుకు మాత్రలు వేసుకుంటున్నావు. తిండి ఇంతగా తగ్గించి, గ్లిమెపిరైడ్ వంటి మాత్రను గాని ఇన్సులిన్‌ను గాని పాత మోతాదులోనే తీసుకుంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలను ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే ఆపిస్తారు, ఎందుకంటే తిండి లేనప్పుడు వాటి వల్ల రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. బి.పి. మాత్రల మోతాదు కూడా చూడాలి. షేకులు మొదలుపెట్టే ముందే, మొదలుపెట్టాక కాదు, ఆ మాత్రలన్నీ డాక్టరుకు చూపించి మోతాదు కాగితం మీద రాయించుకో. చెమటలు పట్టి చేతులు వణికితే నియమం తప్పుతుందని ఆలోచించకు, వెంటనే గ్లూకోజ్ నీళ్లు తాగి ఫోన్ చెయ్యి. మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్షలో ఏమైనా తేడా ఉంటే ఎంత ప్రోటీన్ తీసుకోవాలన్నది కూడా వాళ్లే చెప్పాలి.

ఆపరేషన్ రోజు ఉదయం షేకు తాగకు. పల్చగా ఉన్నంత మాత్రాన అది నీళ్ల కిందకు రాదు, పాల కిందకు వస్తుంది. కడుపులో అది ఉండగా మత్తు ఇస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. చివరి గ్లాసు ఎన్ని గంటలకో మత్తు డాక్టరును అడిగి, ఆ వేళకు గ్లాసు కడిగి బోర్లించేయ్.

షేకులు మొదలుపెట్టిన మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి, నీరసం, చిరాకు ఉండవచ్చు. నీళ్లు బాగా తాగు, మలబద్ధకం అయితే ఇసబ్‌గోల్ వాడవచ్చునేమో అడుగు. ఆ రోజుల్లోనే శ్రావణ శుక్రవారం వస్తోంది, మీ అమ్మ పూర్ణాలు వండుతుంది, ఇల్లంతా నెయ్యి వాసన. ఆ పూట నా దగ్గరకు వచ్చెయ్. నీకు ఏడుపొస్తే ఏడువు, నా మీద విసుక్కో, పర్వాలేదు. ఒకవేళ ఏదైనా తినేస్తే దాచకు. "ఫలానా రోజు ఇది తిన్నాను" అని ఆసుపత్రికి చెప్పు. అవసరమైతే వాళ్లు తేదీ ఒక వారం వెనక్కు జరుపుతారు, అంతే కదా. మీ బాబాయి రెండోసారి ఆపరేషన్ చక్కగా అయింది, ఇప్పుడు నాతో పాటు చెరువు చుట్టూ నడుస్తున్నాడు. నీతో మాట్లాడాలని వాడే అడుగుతున్నాడు, ఫోన్ చేస్తే ఎత్తు.

నువ్వు వేసుకునే మాత్రల చీటీని, కొన్న పొడి డబ్బా వెనక చీటీని రెండూ ఫోటో తీసి ఈ రాత్రికే నాకు పంపు. డబ్బా సీలు నేను చూసేదాకా తెరవకు.

ఇట్లు,
నీ మేనత్త