దుప్పుల మంద చూసుకోబోతున్న సింధుకు

చిరంజీవి సింధుకు,

అత్తయ్య ఆశీస్సులు. ఆ లోయలో చిక్కుకుపోయిన దుప్పుల మంద బాధ్యత నీకిచ్చారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో సంతోషం వింటే నాకూ గర్వంగానే అనిపించింది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక పక్క జలాశయం, ఇంకో పక్క హైవే. బయటి నుంచి ఒక్క దుప్పి వచ్చే దారి లేదు. లోపల ఉన్నవన్నీ కొన్ని తరాల్లో ఒకే ఇంటి బిడ్డలైపోతాయి. అందుకే రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. డీఎన్ఏ కోసం పెంటికలు తాజావే ఏరుకో, తడవనివ్వకు. ప్రతి ఫొటోకూ తేదీ, చోటు రాసుకో. మత్తు సూది పని ఒంటరిగా పెట్టుకోకు. విరుగుడు మందు చేతికందేంత దగ్గర లేకపోతే తుపాకీ ముట్టుకోకు. నీ మీద నాకున్న భయాల్లో ఇది మొదటిది, దీని మీద వాదించకు. దుప్పిని తరిమి తరిమి పట్టుకోవద్దు. అలా పట్టుకున్నది అప్పటికి లేచి పరిగెత్తినా, కండరాలు దెబ్బతిని రెండు మూడు రోజులకు చచ్చిపోవచ్చు.

మంద 60 ఉందని విని మీ నాన్న ధైర్యంగా ఉన్నాడు. నువ్వు ఉండకు. ఆ 60లో పిల్లల్ని కంటున్న మగవి 3, ఆడవి 57 అనుకో. మగవాటిని, ఆడవాటిని గుణించి, నాలుగు రెట్లు చేసి, మొత్తంతో భాగించు. దాదాపు 11 వస్తుంది. జన్యువుల లెక్కలో నీ మంద విలువ అంతే. కొమ్ములు బలంగా ఉన్న ఒకటి రెండు మగవే ఏటా ఎక్కువ పిల్లలకు తండ్రులవుతుంటే ఇంకా తగ్గుతుంది.

దాగి ఉండే చెడు జన్యువులు ప్రతి ప్రాణిలోనూ కొన్ని ఉంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, అదే జన్యువు రెండు ప్రతులూ చెడ్డవైతేనే చాలావరకు బయటపడతాయి. దగ్గరి రక్తం కలిసినకొద్దీ ఆ జత కుదిరే అవకాశం పెరుగుతుంది. మొదట తెలిసేది పెద్ద దుప్పుల్లో కాదు, పిల్లల్లో. చచ్చి పుట్టేవి, వారం తిరగకుండా పోయేవి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి పిల్లల్ని ‘బలహీనం’ అని ఒక్క ముక్క రాసి పాతిపెట్టేసేవాళ్లు. మా పెద్ద డాక్టరుగారు ఒప్పుకునేవారు కాదు. వెన్ను మీద వేలు పెట్టి ఒక్కో పూసా లెక్కపెట్టమనేవారు. మగపిల్లయితే వృషణాలు రెండూ కిందికి దిగాయా చూడమనేవారు. గుండె కోసి, పై గదుల మధ్య గోడలో రంధ్రం ఉందేమో వెలుతురుకి పెట్టి చూపించేవారు. అమెరికాలో ఫ్లోరిడా పాంథర్లని ప్యూమా జాతి పెద్దపిల్లులున్నాయి, వాటిలో సరిగ్గా ఇవే కనిపించాయి. దిగని వృషణాలు, గుండెలో రంధ్రం, చివర వంకర తిరిగిన తోక. అవి 20, 30కి పడిపోయాక 1995లో టెక్సస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదిలారు. వాటిలో 5 ఆడవి పిల్లల్ని కన్నాయి. తర్వాత సంఖ్య 100 దాటింది. చచ్చిపోయిన ఒక్క పిల్లనీ చూడకుండా పాతిపెట్టనివ్వకు తల్లీ.

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి. ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సులో ఐల్ రాయల్ అనే దీవి ఉంది. 1940ల చివర్లో గడ్డకట్టిన సరస్సు మీదుగా కొన్ని తోడేళ్లు అక్కడికి చేరాయి. వాటి సంతానమే దశాబ్దాలు బతికింది. 1997లో ఇంకో మగది మంచు మీద నడిచి వచ్చింది. బలమైనది, దాని పిల్లలు బాగా నిలిచాయి. కానీ కొన్నేళ్లకే దీవిలోని ప్రతి తోడేలూ దానికి బంధువైపోయింది. మందలోని జన్యువుల్లో సగానికి పైగా దానివే. చివరికి అది తన కూతురితోనే జతకట్టింది. మందును తెచ్చినదే మళ్లీ జబ్బుకు దారి అయింది.

ఎముకలు అప్పటికే చెబుతున్నాయి. నడుము దగ్గరి పూస వికృతంగా మారడం బయటి తోడేళ్లలో 1 శాతమైతే, ఇక్కడ 33 శాతం. 2009లోనే అచ్చయిన సంగతి ఇది. అయినా చూద్దాం, మంచు మళ్లీ గడ్డకడుతుంది, ఇంకోటి వస్తుంది అనుకుంటూ ఏళ్లు గడిపారు. 2014 చలికాలంలో మంచు వంతెన పడనే పడింది. కొత్తది ఒక్కటీ వచ్చి నిలవలేదు. ఉన్నవాటిలో ఒక ఆడది ఆ మంచు మీదుగా అవతలికి వెళ్లిపోయి చచ్చిపోయింది. మరుసటి ఏడాది కనిపించిన పిల్ల గూని నడుముతో, పాడైన తోకతో ఉంది. 2016కి అదీ లేదు. మిగిలినవి తండ్రి, కూతురు. 2018, 2019ల్లో 19 తోడేళ్లను తెచ్చి వదిలేసరికి పాత వంశం దాదాపు ముగిసిపోయింది.

ఇంత ఎందుకు రాస్తున్నానంటే, నీ సంగతి నాకు తెలుసు. ఇంకో సీజన్ డేటా కావాలంటూ థీసిస్ ఆపేసి మీ అమ్మను ఎంత టెన్షన్ పెట్టావో మర్చిపోయావా? ఆ ఓపిక చూసే నీకీ పని ఇచ్చి ఉంటారు, దాన్ని తప్పుపట్టను. నువ్వు చిన్నప్పుడు చీమల బారు పక్కన కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేదానివి కాదు, నాకు ముచ్చటేసేది. కానీ ఈ మంద దగ్గర ఎదురుచూపుకీ ఖరీదుంది. రెండు ఈతల లెక్క చేతికొచ్చి, పిల్లలు పోతున్నాయని తేలితే ప్రతిపాదన రాసేయ్.

తొందరలో ఎక్కడివో తెచ్చి కలపొద్దు కూడా. ఐరోపాలోని తత్రా పర్వతాల్లో అడవిమేకలకు వేడి ప్రాంతాల రకాలను కలిపితే, సంకర మేకలు ముందే ఎదకు వచ్చి, గడ్డకట్టే ఫిబ్రవరిలో ఈనాయి. మంద మొత్తం పోయింది. ఒకే వాతావరణం, ఒకే ఈత కాలం ఉన్న దగ్గరి మంద నుంచే తీసుకో. జబ్బుల పరీక్ష, క్వారంటైన్ అయ్యాకే వదులు. ఒక్క పెద్ద మగదాన్ని తేవొద్దు, అందరికీ అదే తండ్రవుతుంది. నన్నడిగితే ఆడవి, అవీ నాలుగైదు వేర్వేరు తల్లుల పిల్లలు.

ఒక్కసారితో అయిపోయిందని మాత్రం రాయకు. తరానికి కనీసం ఒకటైనా కొత్తది వచ్చి పిల్లల్ని కనాలి. హైవే కింద దారి వేయిస్తే అవే వస్తాయి, అది తేలేదాకా మనమే తేవాలి. నీ ప్రతిపాదన ముందు నాకు పంపు. రెండో విడత ఏ ఏడాదో అందులో లేకపోతే తిప్పి పంపిస్తాను.

ప్రేమతో,
అత్తయ్య