అసలు కాగితం ఎవరికి?

చిరంజీవి అమ్మలూ,

అమెరికాలో పిల్లల డాక్టరు శిక్షణకి, అదే రెసిడెన్సీకి, నీ ఇంటర్వ్యూలు అయిపోయాయని, ఇక ‘మీ దగ్గరే చేరాలనుంది’ అని ఆసుపత్రికి చెప్పే లెటర్ ఆఫ్ ఇంటెంట్ రాస్తావని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. సంతోషంతో మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. ఎవరో వాట్సాప్‌లో పంపిన నమూనా చూసి, అర్ధరాత్రి పడుకుని ఫోన్లోనే కొట్టేస్తావని నా భయం. నీ సంగతి నాకు తెలీదా!

చిన్న విషయాలు ముందు. ఒక్క పేజీ దాటకు. ప్రోగ్రాం డైరెక్టరు పేరు స్పెల్లింగు రెండుసార్లు చూసుకో. ఇంటర్వ్యూ తర్వాత ఉత్తరాలు వద్దన్న చోటికి రాయనే రాయకు.

1981లో విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో హౌస్ సర్జన్సీ అయ్యాక నేను నాలుగు ఆసుపత్రులకు అప్లికేషన్లు పెట్టాను. డాబాగార్డెన్స్‌లో ఒకచోట పేజీకి ఇంత అని తీసుకుని టైపు చేసేవారు. డబ్బులు మిగులుతాయని నాలుగు కాగితాల మధ్య మూడు కార్బన్ కాగితాలు పెట్టించాను. ఆసుపత్రి పేరు దగ్గర ఖాళీ వదిలించి, ఇంటికొచ్చి పెన్నుతో నింపాను. ‘మీ దగ్గరే పనిచేయాలని చిరకాల కోరిక’ అని నలుగురికీ. పైగా ‘ఏ విభాగం ఇచ్చినా సిద్ధం’ అని వినయం ఒకటి. ఏ కాపీ ఎవరికి వెళ్తోందో చూసుకోలేదు. నాకు మనసున్న ఆసుపత్రికి అట్టడుగుది వెళ్ళింది.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. బొటనవేలితో ఒక అక్షరం మీద రుద్ది, నల్లబడ్డ వేలు నాకు చూపించాడు. “అమ్మా, అసలు కాగితం ఎవరికి పంపారు?” అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టే. నాకు నిజంగానే తెలీదు. చెవులు వేడెక్కిపోయాయి. బస్సులో తిరిగొస్తుంటే దారంతా ఆ వేలే. ఆ ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా? ఇంకొకళ్ళు పిలిచి ఇచ్చారు. అక్కడ పదకొండేళ్ళు చేశాను. కోరుకున్న పిల్లల వార్డు కాదు, రాత్రి క్యాజువాలిటీ. ఏ విభాగమైనా అని రాసింది నేనే కదా.

మీ కాలంలో కార్బన్ కనపడదు, అంతే తేడా. ‘మిమ్మల్నే మొదటి ర్యాంకులో పెడతాను’ అన్న మాట ఒక్క చోటికే రాయి. మిగతావాళ్ళకు ‘మీ ప్రోగ్రాం నచ్చింది’ చాలు, అదీ నిజమైతేనే. ఎవర్ని మొదట పెడతావని వాళ్ళు అడగకూడదట, నీ అంతట నువ్వు చెప్పొచ్చట, చెప్పినా కట్టుబాటేమీ లేదట. అవన్నీ నువ్వే చెప్పి, “అయితే నలుగురికీ రాస్తే పోయేదేముంది అత్తా” అని నవ్వావు చూడు, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆసుపత్రుల్ని వరసగా రాసిచ్చే ర్యాంకు లిస్టు కూడా నీ మనసులో ఉన్న వరసలోనే పెట్టు. ఎవరు తీసుకుంటారో అని లెక్కలేసి తారుమారు చెయ్యకు. మీ లిస్టుల్నీ ఆసుపత్రుల లిస్టుల్నీ జతచేసే కంప్యూటరు అభ్యర్థి ఇష్టం నుంచే మొదలుపెడుతుందని చెప్పిందీ నువ్వే.

వాళ్ళ గొప్పలు వాళ్ళకే అప్పజెప్పకు. నీ డ్యూటీలో పాడేరు నుంచి వచ్చిన సికిల్ సెల్ రక్తజబ్బు పిల్లాడు గుర్తున్నాడా? నొప్పికి అరవకుండా దుప్పటి అంచు పళ్ళ మధ్య నొక్కిపెట్టాడని ఫోన్ చేసి ఏడ్చావు. నువ్వు మొదట పెట్టే ఆసుపత్రిలో సికిల్ సెల్ పిల్లలకు వేరే క్లినిక్ ఉందని, ఇంటర్వ్యూలో దాని గురించే గుచ్చిగుచ్చి అడిగానని అన్నావు. ఆ రెండూ పక్కపక్కన పెట్టు. వాడి పేరు మాత్రం రాయకు. మూడేళ్ళలో అక్కడ ఏం నేర్చుకోవాలనుందో రెండు వాక్యాలు రాయి. బతిమాలకు.

ఫలితం మార్చి మూడో శుక్రవారమట. అంత దూరం ఎందుకే అని నోటిదాకా వస్తోంది, మింగేస్తున్నాను.

పంపేముందు నాకు చూపించు. ఫోన్లో అక్షరాలు నాకు ఆనవు. మీ నాన్న ఆదివారం బీచ్ రోడ్డుకి నడకకొస్తాడుగా, ప్రింటు తీసి ఇచ్చి పంపు. ఎర్ర పెన్ను సిద్ధంగా పెట్టుకున్నాను.

మీ అత్త