ఒకసారి వదిలేసినవాళ్లను మళ్లీ విచారించి ఉరి తీయొచ్చా?

ప్రశ్న: 1838లో ఆస్ట్రేలియాలో మూలవాసులను చంపిన తెల్లవాళ్లను జ్యూరీ నిర్దోషులంది, అయినా మళ్లీ విచారించి ఉరి తీశారని సిడ్నీలో చదువుతున్న మా అబ్బాయి చెప్పాడు. ఒకే నేరానికి రెండు విచారణలు చెల్లుతాయా? అలాంటి హత్యల మీద ఇప్పుడు కేసు పెట్టొచ్చా?

జవాబు: చెల్లుతాయండీ, ఎందుకంటే చట్టం దృష్టిలో అది ఒకే నేరం కాదు. మీ అబ్బాయి చెప్పింది న్యూ సౌత్ వేల్స్‌లోని మయాల్ క్రీక్ సంగతి. జూన్ 10న గుర్రాల మీద వచ్చిన పశువుల కాపరులు కనీసం 28 మంది మూలవాసులను, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, పొడవాటి తాడుకు కట్టి తీసుకెళ్లి చంపేశారు, తర్వాత శవాలను కాల్చేశారు. ఘటన ఒకటే, కానీ ఎన్ని ప్రాణాలు పోతే అన్ని హత్యలు. మొదట 11 మందిపై పెట్టింది ‘డాడీ’ అని పిలిచే ఒక ముసలాయన హత్య కేసు. ఆ కాలిన ఎముకల్లో ఆయనవి ఏవో ఎవరు చెప్పగలరు? జ్యూరీ పావుగంటలో వదిలేసింది. అటార్నీ జనరల్ ప్లంకెట్ ఊరుకోలేదు, ఏడుగురి మీద ఒక పిల్లవాడి హత్య కింద కొత్తగా చార్జి పెట్టాడు. ముద్దాయిలు మీరడిగిన అభ్యంతరమే లేవదీశారు, నిలవలేదు. డిసెంబర్ 18న ఏడుగురికీ ఉరి.

మన దగ్గరా అంతే, విడిగా చార్జి పెట్టదగ్గ వేరే నేరమైతే రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో మళ్లీ విచారించొచ్చు (మన క్రిమినల్ విచారణల చట్టం బీఎన్‌ఎస్‌ఎస్, సెక్షన్ 337).

అయితే న్యాయం జరిగిపోయిందని మాత్రం నేననను. కేసు నిలబడింది జార్జ్ ఆండర్సన్ అనే తెల్ల ఖైదీ కూలీ సాక్ష్యం మీద. అతను నోరు విప్పకపోతే చార్జి ఎంత తెలివిగా రాసినా కాగితమే. మూలవాసి కళ్లారా చూసినా, క్రైస్తవ ప్రమాణం చేయలేడు కాబట్టి అతని మాట కోర్టులో చెల్లదు, ఈ రూలు అక్కడ 1876లో గానీ మారలేదు. మిగతా నలుగురు బయటపడ్డారు. ముఠాను నడిపించాడని చెప్పే జాన్ ఫ్లెమింగ్, భూములున్న స్వతంత్రుడు, బోనెక్కనే లేదు. ఉరికంబం ఎక్కినవాళ్లంతా బ్రిటన్‌లో శిక్ష పడి ఖైదీలుగా ఓడలో వచ్చినవాళ్లో, ఆ శిక్ష ముగిసినవాళ్లో!

ఇక ఇప్పుడు క్రిమినల్ కేసు కుదరదు, నిందితులెవరూ బతికి లేరు కదా. ఉన్నది భూమి దారి: మూలవాసులకు తమ నేల మీద పాతకాలం నుంచీ హక్కుందని ఒప్పుకున్న 1992 మాబో తీర్పు, ఆ హక్కును చట్టంలో పెట్టిన 1993 నేటివ్ టైటిల్ చట్టం. 2019లో టింబర్ క్రీక్ అనే ఊరి మూలవాసుల కేసులో హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత కోర్టు, 25 లక్షల డాలర్ల పైచిలుకు పరిహారం ఖాయం చేసింది. అయితే అది పోయిన భూమి హక్కుకు, ఆ నేలతో తెగిన బంధానికి కట్టిన లెక్క, హత్యలకు కాదు.