స్ట్రిప్ టెస్టులో పెపినో మొజాయిక్ పాజిటివ్ వచ్చింది, ఇప్పుడు వ్యాక్సిన్ వేయించవచ్చా?

బెల్జియం గ్రీన్‌హౌస్‌లో కొన్ని టమాటా మొక్కలకు పెపినో మొజాయిక్ వైరస్ పాజిటివ్ వచ్చింది, కాయలు ఇంకా బాగానే ఉన్నాయి, ఈలోగా మైల్డ్ స్ట్రెయిన్ వ్యాక్సిన్ (తీవ్రమైన వైరస్‌ను ఆపడానికి ముందే ఎక్కించే, అదే వైరస్‌లోని తేలికపాటి రకం) వేయిస్తే పంట దక్కుతుందా అని కదా అడిగారు. వైరస్ ఇప్పటికే ఎక్కిన మొక్కకు వ్యాక్సిన్ దండగ. మిగతా మొక్కల సంగతి మీ దగ్గరున్నది ఏ స్ట్రెయినో తెలిశాకే చెప్పగలం. అది స్ట్రిప్ చెప్పదు, ల్యాబ్‌లో చేసే ఎలీసా పరీక్ష కూడా చెప్పదు. వైరస్ ఉందా లేదా అన్నంత వరకే వాటి పని.

ఈ వైరస్‌ను 1974లో పెరూలో పెపినో అనే పండ్ల పంటలో మొదట గుర్తించారు. 1999లో నెదర్లాండ్స్‌లో టమాటాకు వచ్చింది. దాని జీనోమ్, అంటే జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏ, సుమారు 6,400 న్యూక్లియోటైడ్ల (జన్యు అక్షరాల) పొడవు. యూరోపియన్, పెరూ, అమెరికా రకం యూఎస్1, చిలీ రకం సీహెచ్2 అని ప్రధాన స్ట్రెయిన్లు. యూరోపియన్‌కూ సీహెచ్2కూ జీనోమ్ పోలిక దాదాపు 80 శాతమే. అందుకే ఒకదాని వ్యాక్సిన్ ఇంకోదాన్ని ఆపుతుందని నమ్మడానికి లేదు. మీ బెల్జియంలోనే చేసిన గ్రీన్‌హౌస్ ప్రయోగాల్లో సీహెచ్2 మైల్డ్ వైరస్ ముందు ఎక్కించిన మొక్కలు తీవ్రమైన సీహెచ్2ను తట్టుకున్నాయి. ముందు వేరే స్ట్రెయిన్ మైల్డ్ వైరస్ ఎక్కించిన మొక్కల్లో మాత్రం లక్షణాలు ఇంకా ముదిరాయి. రెండు స్ట్రెయిన్లు ఒకే మొక్కలో చేరితే ముక్కలు మార్చుకుని కలగలుపు వైరస్‌లు కూడా పుడతాయి.

స్ట్రెయిన్ పేరు తెలిసినా తీవ్రత తెలియదు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. సీహెచ్2లోనే 1906 అనే ఐసొలేట్ (ఒక మొక్క నుంచి వేరు చేసిన వైరస్ నమూనా) మైల్డ్, పీసీహెచ్ 06/104 తీవ్రం. రెండింటి జీనోమ్ 99.4 శాతం ఒకటే. వైరస్ ఒక కణం నుంచి ఇంకో కణానికి పాకడానికి వాడే టీజీబీ3 ప్రొటీన్‌లో 67వ స్థానంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం పోయి గ్లుటామిక్ ఆమ్లం వస్తే చాలు, మైల్డ్ వైరస్ కాస్తా ఆకులు మాడ్చేదిగా మారుతుందని పోలండ్ ఐసొలేట్ల మీద తేలింది. ఒక్క అక్షరం మార్పు! వ్యాక్సిన్ వేసిన తోటను కూడా పరీక్షిస్తూ ఉండాలనేది ఇందుకే.

ఇక మీరు చేయాల్సింది. ముదురు ఆకులు పంపకండి, తల దగ్గరి లేత ఆకులే కోయండి. పాజిటివ్ వరుసల నుంచి, చూడ్డానికి శుభ్రంగా ఉన్న వరుసల నుంచి విడివిడి సంచుల్లో పెట్టి, స్ట్రెయిన్లను వేరు చేసే ఆర్‌టీ-పీసీఆర్ అనే జన్యు పరీక్ష అడగండి. తీవ్రత తేలాలంటే వైరస్ పై తొడుగైన కోట్ ప్రొటీన్, టీజీబీ భాగాల సీక్వెన్సింగ్ (జన్యు అక్షరాలను వరసగా చదవడం) కూడా కావాలి. వైరస్ తోటంతా పాకిందని తేలితే ఈ సీజన్‌కు వ్యాక్సిన్ మాట మర్చిపోండి. వచ్చే పంటకు, నారు శుభ్రమని పరీక్షలో తేలాక, లేత దశలోనే తోట మొత్తానికీ ఒకేసారి వేయించాలి. సగం వరుసలకు వేసి సగం వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది.

ఈలోగా పాజిటివ్ వరుసల్లో పని చివర్న పెట్టండి. కత్తులు రెండు ఉంచుకుని, ఒకటి వాడుతుంటే రెండోది 10 శాతం బ్లీచ్‌లోనో 2 శాతం విర్కాన్ అనే క్రిమిసంహారక ద్రావణంలోనో ముంచి ఉంచండి. చేతులు, బట్టలు, తుమ్మెదల పెట్టెలు కూడా వైరస్‌ను మోస్తాయి. డ్రెయిన్ నీళ్లు మళ్లీ వాడుతుంటే వాటిని శుద్ధి చేయకుండా వదలొద్దు, వేళ్లలో ఉండే ఒల్పిడియం అనే ఫంగస్ వైరస్‌ను ఆ నీళ్ల ద్వారా పక్క మొక్కలకు చేరవేస్తుంది. వేసవిలో వెలుతురు పెరిగి ఆకుల మచ్చలు తగ్గితే వైరస్ పోయిందనుకోకండి, అప్పుడూ టెస్టు పాజిటివే వస్తుంది.