టైమర్ పెట్టినా మిరపకి సగం నీళ్లే అందుతుంటే

సిమ్ ఉన్న మొబైల్ స్టార్టర్‌కి యాప్‌లో టైమర్ పెట్టినా మిరప డ్రిప్‌కి సగం నీళ్లే అందుతున్నాయని, మెసేజ్‌లు మాత్రం వస్తున్నాయని అడిగారు. మోటారు తప్పు కాదు, టైమర్ రకం తప్పు. మీరు యాప్‌లో 6 నుంచి 8 అని పెట్టారు కదా, అది గడియారం చూసుకుంటుంది. మధ్యలో త్రీఫేజ్ కరెంటు 40 నిమిషాలు పోయినా 8 కాగానే ఆపేస్తుంది. మెసేజ్‌లు వస్తున్నాయంటున్నారు కాబట్టి సిమ్ జోలికి వెళ్లొద్దు.

1. ఆ షెడ్యూల్ తీసేసి, మోటారు నడిచిన నిమిషాలు లెక్కపెట్టే మోడ్ పెట్టండి. చాలా యాప్‌లలో రన్ టైమ్ అని ఉంటుంది.

2. ఇక్కడే చాలామంది వదిలేస్తారు: స్టార్టర్ ఆటోలో ఉండాలి. మాన్యువల్‌లో ఉంటే కరెంటు తిరిగొచ్చినా మీరు స్టార్టర్ సిమ్‌కి కాల్ చేసేదాకా అది కదలదు, మిగిలిన నిమిషాలు అలాగే ఉండిపోతాయి. ఆటోతో పాటు ఆన్ డిలే (కరెంటు వచ్చాక మోటారు ఎంతసేపు ఆగి లేవాలో) కూడా పెట్టండి, అదీ పక్క రైతులతో మాట్లాడుకుని తలా ఒక రకంగా, ఎందుకంటే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ఫ్యూజు ఎగురుతుంది, మళ్లీ అదో టెన్షన్.

3. డ్రై రన్ రక్షణ (నీళ్లు లేకుండా తిరుగుతుంటే మోటారును ఆపేసేది) ఆఫ్ చేయొద్దు. బోరు నిండుగా పోస్తున్నప్పుడు ఆంపియర్లు చూసి, డ్రై రన్ లిమిట్‌ని దానికి కాస్త కిందకి సెట్ చేయండి.

4. ఎన్ని నిమిషాలు పెట్టాలో లెక్కేసుకోవడానికి, గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లు, లైన్లు 1.2 మీటర్ల దూరం, డ్రిప్పర్లు 40 సెంటీమీటర్లకొకటి అయితే ఎకరాకు గంటలో దాదాపు 16,800 లీటర్లు, అంటే చేనంతా పరిచినట్టు చూస్తే 4 మిల్లీమీటర్ల పైమాటే ఎత్తు నీళ్లు. మీ బోరు అంత పోయకపోతే రెండు భాగాలు చేసుకోండి, కానీ గేట్ వాల్వ్ మాత్రం మీరే వెళ్లి తిప్పాలి.