మైండ్ మ్యాప్‌తో సివిక్స్ చెబితే పిల్లలకు ఎక్కుతుందా?

స్థానిక ప్రభుత్వాల పాఠం మైండ్ మ్యాప్ వేసి చెబితే హైస్కూల్ పిల్లలకు నిజంగా ఎక్కుతుందా, లేక రంగురంగుల బొమ్మ చూసి ఊరుకుంటారా అని అడిగారు కదా మేడమ్. నేను నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఎక్కుతుంది, కాకపోతే గీతల మీద ఏం రాస్తామన్నదే అసలు సంగతి.

మామూలుగా మధ్యలో 'స్థానిక ప్రభుత్వాలు' అని రాసి, చుట్టూ గ్రామ పంచాయతీ, మండల పరిషత్, జిల్లా పరిషత్ అని కొమ్మలు తీస్తారు, వాటి కింద అధికారాలు, విధులు, ఆదాయం. అవి పుస్తకంలోని సైడ్ హెడ్డింగులే, పిల్లలు దాన్నీ బట్టీ పడతారు.

నేను మధ్యలో 'ఓటరు' అని పెడతాను. అక్కడి నుంచి నేరుగా ఎవరి దగ్గరికి గీత పోతుందో పిల్లలే చెప్పాలి, ప్రతి గీత మీదా 'ఎన్నుకుంటారు', 'లెక్క అడగొచ్చు' లాంటి మాట ఒకటి ఉండాల్సిందే. వార్డు మెంబరు, సర్పంచ్, ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యుడు), జెడ్పీటీసీ (జిల్లా పరిషత్ సభ్యుడు), ఎమ్మెల్యే, ఎంపీ గబగబా వచ్చేస్తాయి. ఎంపీపీ, అంటే మండల పరిషత్ అధ్యక్షుడి దగ్గర ఆగిపోతారు. ఫ్లెక్సీల మీద రోజూ చూసే హోదానే, కానీ ఓటరు నుంచి గీత లేదు, ఎంపీటీసీలే ఎన్నుకుంటారు. "మరి మనం ఓటెయ్యకుండనే ఎట్లయ్యిండు సార్?" అని ఒక్కరు అడిగితే చాలు, ఆ ప్రశ్నను ఉప సర్పంచ్, జెడ్పీ చైర్మన్ మొదలుకొని రాష్ట్రపతి దాకా వాళ్లే లాక్కుపోతారు. పరోక్ష ఎన్నిక అన్న పేరు నేను ఆ తర్వాతే చెబుతాను.

ఇంకో మ్యాప్‌కు మధ్యలో 'మన నల్లా నీళ్లు' అని పెడతాను. మా జిల్లాలో మర్రిగూడ వైపు పిల్లలకు నీళ్లలో ఫ్లోరైడ్ అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు, నడుం వంగిపోయిన పెద్దవాళ్లను చూస్తూనే పెరుగుతారు. ఇందులో ఒక కొమ్మ రాజ్యాంగంలోని 21వ అధికరణానికి పోతుంది, కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమేనని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకో కొమ్మ 73వ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలుకు, పంచాయతీలకు అప్పగించదగ్గవని అందులో రాసిన 29 అంశాల్లో తాగునీరు ఒకటి. ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథ పైలాన్ మన చౌటుప్పల్‌లోనే ఉంది కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం కొమ్మ వాళ్లే వేస్తారు. పైపు పగిలితే ఎవరిని అడగాలి అన్న గీత దగ్గర మాత్రం క్లాసంతా గొడవే, నాకు ఆ గొడవే కావాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలన్న ముక్క అప్పుడు చెబితే గుర్తుంటుంది, విడిగా చెబితే ఉండదు.

మ్యాప్ వేయడానికి ఫ్రీప్లేన్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఉచితం, నెట్ లేకున్నా నడుస్తుంది, 'కనెక్టర్' అనే గీత మీద తెలుగులో టైప్ చేయొచ్చు. ల్యాప్‌టాప్‌లో వేసి క్లాసులోని డిజిటల్ ప్యానెల్‌కు కేబుల్ పెట్టండి. కొమ్మ మూసేసి, ప్రశ్న అడిగి, జవాబు వచ్చాక తెరవొచ్చు, బోర్డు మీద ఇది కుదరదు. చివరి బెంచీకి కనపడేంత పెద్ద అక్షరాలు పెట్టండి. ఇంటి దగ్గర ఫోన్లో చేసుకు రమ్మని మాత్రం చెప్పొద్దు, అందరి ఇళ్లలో ఫోన్ ఖాళీగా ఉండదు, నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీసుకొచ్చినా సరిపోతుంది.