వీఎస్ కోడ్‌లో నా ఫైల్ తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి, ఎందుకు?

టెన్షన్ వద్దు, ఫైల్ చాలావరకు బాగానే ఉండి ఉంటుంది. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు, యూటీఎఫ్-8 అలాంటిదే. అందులో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కు (అక్షరానికో, గుర్తుకో ఇచ్చిన సంఖ్యకు) 3 బైట్లు పడతాయి. 'క్షి'కి క, పొల్లు, ష, గుడి కలిపి 12 బైట్లు. ఎడిటర్ మీ ఫైల్‌ను విండోస్-1252 (యూరప్ భాషల పాత ఎన్‌కోడింగ్) అనుకుంటే ఒక్కో బైటునూ ఒక్కో యూరప్ అక్షరంగానో గుర్తుగానో చూపిస్తుంది. ఎన్‌కోడింగ్‌ను ఊహించే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా ఇలా జరగొచ్చు (అది ఆఫ్‌లో ఉండటమే మేలు).

కింద స్టేటస్ బార్‌లో ఎన్‌కోడింగ్ పేరు నొక్కి, 'రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్'లో యూటీఎఫ్-8 ఎంచుకోండి. 'సేవ్ విత్ ఎన్‌కోడింగ్' మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి. యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ఆ పిచ్చి గుర్తులే నిజం అక్షరాలుగా ఫైల్‌లోకి ఎక్కేస్తాయి.

తెలుగు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే అది వేరే కథ. తెలుగు పట్టని ఎన్‌కోడింగ్‌లో ఎవరో సేవ్ చేసేశారన్నమాట. ఆ అక్షరాలు ఇక రావు, గిట్‌లోనో (ఫైళ్ల పాత వెర్షన్లు దాచే టూల్) బ్యాకప్‌లోనో పాత కాపీ వెతుక్కోవాల్సిందే.